మేడ లేని మెట్లు

బస్సు దిగేసరికి వాన ఆగింది.
ఆగిందంటే ఇక్కడి లెక్కలో,
గొడుగు ముడిచేదాకా ఆగింది.

రావెన్‌కార్ పార్కు.
గేటు స్తంభాల మీద రెండు రాతి సింహాలు,
ఒకదానికి ముక్కు లేదు.
కింద పచ్చబోర్డు మీద కౌన్సిల్ వారి ఆజ్ఞలు:
కుక్కలను వదలరాదు, సరస్సులో దిగరాదు,
పొద్దు గూకగానే గేటు వేయబడును.

హెస్టర్ ఆగ్‌డెన్ నాకంటే ముందే వచ్చింది.
ఎనభై రెండేళ్లు. ఎర్ర రబ్బరు బూట్లు.
కోటు జేబులో కుక్క బిస్కెట్లూ తన బిస్కెట్లూ
కలిసిపోయి ఉంటాయి.
కుక్క పేరు స్క్వైర్.
మన మాటలో, దొర.
"దొరా! ఆ పేడలో పొర్లకు!" అని ఆమె కేకేస్తే
బెంచీల మీద ముసలివాళ్లు
టోపీల కింద నవ్వుకుంటారు.
ఎన్నేళ్ల పరాచికమో, ఇంకా అరగలేదు.

"మేడేది?" అన్నాను.
"హాల్లోనే నిలబడ్డావు," అంది,
"కాళ్లు తుడుచుకున్నావా?"

గడ్డి.
గడ్డిలోంచి పదకొండు మెట్లు లేచి
గాలి దగ్గర ఆగిపోయాయి.

బొగ్గు మీద లేచిన మేడ అది.
షాండ్లియర్‌లో ఒక్కో గాజుపలుకూ
కింద ఎవడో దగ్గిన దగ్గు.
హెస్టర్ తండ్రి పదమూడో ఏట గనిలో దిగాడు.
మోకాళ్ల మీద పాకుతూ
భోజనాల గది కింద, గ్రంథాలయం కింద,
దొరసాని పియానో కింద తవ్వాడు.
"పియానో వినిపించేదా?"
"పిచ్చి ప్రశ్న. మూడొందల గజాల లోతు."
కాస్త దూరం నడిచాక,
"వినిపించేదనే చెప్పేవాడు మా నాన్న."

తల్లి ఫ్లోరీ ఇక్కడే బట్టలుతికేది.
కిటికీలోంచి చూసేవాళ్లకు
పనిమనుషులు అడ్డు రాకూడదని
పెరటి నుంచి వాళ్లకో సొరంగం కట్టించారు.
నాన్న ఒక సొరంగంలో, అమ్మ ఒక సొరంగంలో.
వెలుతురులో ఎక్కడ కలిశారో మరి!
చర్చి దగ్గరని అత్త అనేది,
చేపల కొట్టు దగ్గరని బాబాయి.

పచ్చిక అంచున కనిపించని కందకం ఒకటి.
దాని పేరు హాహా. ఒట్టు, అదే పేరు.
మేడలోంచి చూస్తే కంచె ఉండదు,
కొండదాకా అంతా తమదే.
గొర్రెకు మాత్రం అక్కడ గోడ.
ఇప్పుడందులో పిల్లలు దాక్కుంటున్నారు,
హాహా అనే అరుస్తున్నారు.

మొదట పగిలింది పాలరాతి పొయ్యి.
తర్వాత తలుపులు మూసుకోవడం మానేశాయి.
గోలీ పెడితే చాలు, నాట్యశాల ఈ కొస నుంచి ఆ కొసకు
తనంతట తానే దొర్లిపోయేదట.
ఎవరు తవ్విన గోతిలో వాళ్లే పడతారంటాం.
ఇక్కడ తవ్విందొకరు, పడిందొకరు.
సామెత కూడా ఓ పక్కకు కుంగింది.

యాభై నాలుగులో విప్పేశారు.
రాయికో ధర, సీసానికో ధర.
ఓకు తలుపొకటి ఊళ్లో పబ్బులో బల్లయింది,
దాని మీద నేనూ గ్లాసు పెట్టాను,
తడి వలయం చేత్తో తుడిచాను.

హెస్టర్ మెట్లెక్కుతోంది.
తల్లి ఒక్కసారీ తొక్కని మెట్లు,
రోజూ ఎక్కుతుందట, మోకాలు తిట్టినా సరే.
దొర ముందే పైకి చేరి
రాతి పూలకుండీ మీద కాలెత్తాడు.
మేం నవ్వాం. వాన మళ్లీ మొదలైంది.
గేటు దగ్గర కాపలా కుర్రాడు
తాళాలు గలగలలాడిస్తున్నాడు.

పైమెట్టు మీద ఆమె
నడుమ నిలబడలేదు.
పక్కకు ఒదిగి, గోడ లేనిచోట వీపు ఆనించినట్టు
నిలబడింది,
లోపలి నుంచి ఎవరో వస్తున్నట్టు.

నేను చూశానని చూసింది.
"అటువైపు గాలి ఎక్కువ," అంది.